మూడో గుండీ

క్యూ అయిదు మెలికలు తిరిగింది కాబట్టి ఎదురు వరుస ముందుకు జరిగినప్పుడల్లా బూడిదరంగు కోట్లు ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళముందు నుంచే పోతున్నాయి, ఏ ఒక్క కోటుకీ మూడో గుండీ లేదు. పైనుంచి ఒకటి, రెండు, తర్వాత ఖాళీ, ఆ ఖాళీలో రెండు పోగుల ఎర్రదారం, మళ్ళీ నాలుగు, అయిదు, ఆరు. కొందరివి కొత్త కోట్లు, కొందరివి తాతలనాటివి, ఒకాయనది అసలు కోటే కాదు, వానకోటు, దానికి గుండీలే ఉండవు, పాపం గుండీలన్నీ నల్లసిరాతో గుండ్రంగా గీసుకుని మూడోది మాత్రం గీయకుండా వదిలేశాడు. ఆమె చేతివేళ్ళు ఊరుకోవడం లేదు, చూసిన ప్రతి కోటునీ సరిచేయబోతున్నాయి. ఆ పొడుగాటి పిల్ల నైలాను దారం వాడింది, రెండు ఉతుకులకు జారిపోతుంది. ఆ వెనకాయన గుండీ తీసెయ్యడమే కాక కాజాని కూడా మూసి కుట్టేశాడు, తెలివి తెల్లారినట్టే ఉంది. ఒక పెద్దావిడ మాత్రం పోగుల్ని గోరంత పొడుగు వదిలి ఏటవాలుగా కత్తిరించింది, అచ్చం తను వదిలినట్టే, ఎవరో కుట్టుపని తెలిసిన మనిషి, వెళ్ళి చెయ్యి పట్టుకుందామనిపించింది. ఎంతమంది! తాళాల దుకాణం దాటి, కళ్ళజోళ్ళ దుకాణం దాటి, మలుపు తిరిగి, ఇంకా వస్తూనే ఉన్నారు. మనసు ఎగిరి గంతేసింది, ఆ వెంటనే చతికిలబడింది, ఎందుకంటే ఇంతమంది గుండెల మీదున్న ఆ ఖాళీ ఎవరి ఆలోచనా కాదు, సీరియల్ దర్శకుడిదీ కాదు, రాసినావిడదీ కాదు. కోటు కుట్టేటప్పుడు తను మర్చిపోయింది, అంతే. నాలుగైంది. అయిదింటికి వేదికెక్కి ఆ మాట చెప్పాలి, లేదా చెప్పకుండా ఏదో ఒకటి అల్లాలి.

వేదిక మీదికి రమ్మన్నది పళ్ళ డాక్టరు. ఈ అభిమానులందరినీ ఒక్క తాటి మీద నడిపిస్తున్నది ఆవిడే, పగలు పళ్ళు పీకుతుంది, మిగతా వేళల్లో రద్దయిపోయిన సీరియల్ గురించి నలభై పేజీల వ్యాసాలు రాస్తుంది. ఆ నలభై పేజీలూ ఒక్క గుండీ గురించే. చివరి పేర్ల పట్టీలో, అందరూ టీవీ కట్టేసే వేళకి చీమల బారులా పాకే అక్షరాల్లో, 'చేతికుట్టు' అన్న మాట పక్కన ఈమె పేరు వెతికి పట్టుకుని ఉత్తరం రాసింది. కుట్టుగదిలో అందరూ ఆమెను చేతికుట్టమ్మ అనే పిలుస్తారు, సొంత పేరు ఉత్తరం మీద చూసుకుంటే ఎవరిదో అనిపించింది. ఆ గుండీ వెనకున్న ఆలోచన మీ నోటితోనే వినాలని ఉంది, పక్క గుమ్మం నుంచి రండి, మేము మీకోసం ఎదురుచూస్తాం, అని. ఆలోచనట! ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, వస్తాను అని ఒక్క మాట రాసి పంపించి, ఆ తర్వాత వారం రోజులు తిన్నది వంటబట్టలేదు. ఇవాళ గంట ముందే వచ్చి, పక్క గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టడానికి చెయ్యెత్తి, దించి, చక్కా వచ్చి క్యూలో చివర నిలబడింది. ఇక్కడ ఎవరికీ తెలియదు తనెవరో. ఇంకో గంట పాటు వీళ్ళల్లో ఒకతెగా ఉంటే ఏం పోయింది.

సీరియల్ పేరు పదకొండో గది. కొండమీద ఒక అద్దె గదుల ఇల్లు, దాన్ని నడిపే ఆవిడ గడియారాలు బాగుచేస్తుంది, పదకొండో గదిలో నలభయ్యేళ్ళ కిందట చనిపోయిన ఒక ఆవిడ బూడిదరంగు కోటు వేసుకుని ప్రతి చలికాలం కనబడుతుంది. వీళ్ళిద్దరూ ప్రేమించుకుంటారు. ఆ ఇంటి నియమం ఒకటుంది, చచ్చిపోయినవాళ్ళు నిలిచి ఉండాలంటే బతికున్నవాళ్ళెవరో నలుగురి ముందూ నోరు తెరిచి ఈవిడ నాకు ఫలానా అవుతుంది అని చెప్పాలి, చెప్పకపోతే చలి తగ్గేసరికి కరిగిపోతారు. పదకొండో భాగంలో భోజనాల బల్ల చుట్టూ అందరూ కూర్చుని ఉండగా గడియారాలావిడ లేచి నిలబడి నోరు తెరిచింది. అక్కడితో ఆగింది. మరుసటి వారం ఆ వేళకి ఏదో వంటల పోటీ వచ్చింది. కుటుంబాలు చూసే సమయం కాబట్టి అని ఛానెల్ వాళ్ళొక ముక్క చెప్పి చేతులు దులుపుకున్నారు, పన్నెండో భాగం తీసి ఉండగానే అలమారలో పడేశారు. వీళ్ళు ఊరుకున్నారా? తమ కోట్ల మూడో గుండీలు తెంపి కవర్లలో పెట్టి ఛానెల్ ఆఫీసుకి పంపడం మొదలుపెట్టారు. రెండేళ్ళు. గోనెసంచుల కొద్దీ గుండీలు, టపా బంట్రోతు మొర్రోమన్నాడని విన్నది, చివరికి వాళ్ళు తల ప్రాణం తోకకొచ్చి, ఒక్కసారికి, ఒక్క హాలులో వేసుకోండి అని ఆ పన్నెండోది ఇచ్చేశారు. ఇవాళే. గడియారాలావిడ ఏమందో ఇవాళ తెలుస్తుంది. అందరూ అనుకుంటారు అక్కడ పనిచేసిన వాళ్ళకి ముందే తెలుసని, ఈమెకేం తెలుసు, షూటింగులో ఆ మాట చెప్పే వేళకి వెనక బట్టల బండిలో ఇస్త్రీకి కాలిన కాలరు తడిగుడ్డ వేసి తుడుస్తోంది.

వరుస జరిగింది. ముందున్న అమ్మాయి బూటు లేసు ఊడి ఉంది, లేసు అనగానే పొద్దున్న, తనతో ఉండే డ్రిల్లు టీచరు మంచం అంచున కూర్చుని లేసు కట్టుకోవడం గుర్తొచ్చింది. నేనేం చెప్పను అని ఈమె అడిగితే, గుండీ సంగతి చెప్పు అంది. మరి ఆస్పత్రి సంగతో? టీచరు లేసు ముడి విప్పింది, మళ్ళీ వేసింది, మళ్ళీ విప్పింది, నేను వెనక వరసలో కూర్చుంటాలే అంది, అంతే. అది ఔననా, కాదనా? ఇరవయ్యారేళ్ళు ఒకే కప్పు కింద ఉండి ఈ ఒక్క విషయంలో ఆవిడ మౌనం ఇటా అటా అన్నది తేల్చుకోలేదు. ఇంట్లో టీచరూ అని పిలుస్తుంది, గుమ్మం దాటితే అక్కా. టీచరు ఈమె చిన్నాన్న కూతురని చెప్పుకున్నారు మొదటి ఇంటివాళ్ళకి, అదే పట్టుకుని నాలుగు ఇళ్ళు మారారు. లేని చిన్నాన్నని పుట్టించారు, ఆయనకో ఉద్యోగం ఇచ్చారు, కోపిష్ఠివాడన్నారు, ఆయన్ని రెండుసార్లు చంపారు కూడా, ఇంటావిడకి ఈమె గుండెపోటని చెప్పిన మూణ్ణెల్లకి టీచరు మేడ మీంచి పడి పోయాడని చెప్పింది, ఇంటావిడ పాపం మంచిది, గుండెపోటొచ్చే పడుంటాడు అని తనే సర్దుకుంది. ఆ రాత్రి దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వారు. నవ్వారు గాని, టీచరు ఆడపిల్లల బడిలో పనిచేసేది, ఒక్క తల్లి నోట్లో పడినా ఉద్యోగం ఊడేది, మైదానంలో రెండొందలమంది పిల్లల చేత చేతులెత్తించి దించే మనిషి ఇంటి కిటికీ పరదా ఎప్పుడూ తెరవనిచ్చేది కాదు. రిటైరై ఎనిమిది నెలలైంది. పరదా ఇంకా మూసే ఉంది.

ఆస్పత్రిలోనూ పరదాలే, ఆకుపచ్చవి. సీరియల్ తీస్తున్న రోజులవి, టీచరుకి కడుపునొప్పి అని పొద్దున్న వెళ్ళారు, పదకొండింటికి అపెండిక్స్ పగిలిందన్నారు. బల్ల వెనక కూర్చున్నావిడ తలెత్తకుండా అడిగింది, పేషంటుకి మీరేమవుతారు? నోటికి అలవాటైపోయింది కదా, మా చిన్నాన్న కూతురు అనేసింది. అయితే మీ సంతకం చెల్లదు, సొంతవాళ్ళని పిలిపించండి, మీరు బయట కూర్చోండి. ఎక్కడో ఉన్న టీచరు తమ్ముడికి ఫోను, అతను పనిలో ఉన్నాడు, ఎత్తలేదు, మళ్ళీ ఫోను, మళ్ళీ, నాలుగింటికి అతని సంతకం వచ్చింది. అయిదు గంటలు. ఆ అయిదు గంటలు ఆ చెక్క బెంచీ మీద ఆమెకు అర్థమైంది, ఇన్నాళ్ళూ అంత జాగ్రత్తగా, అంత ముచ్చటగా అల్లుకున్న అబద్ధం సరిగ్గా అవసరానికి తనని గది బయట కూర్చోబెట్టిందని. నిజం చెప్పినా లోపలికి రానిచ్చేవాళ్ళు కాదేమో. కాదేమో గానీ, నిజం చెప్పి బయట కూర్చుని ఉంటే ఒళ్ళు మండేది, అరిచేది, ఇది సిగ్గు, సిగ్గుకి నోరుండదు. ఆపరేషన్ బాగా జరిగింది, రేపు పొద్దున్న చూద్దురుగాని వెళ్ళండన్నారు. ఎక్కడికెళ్ళాలి? కుట్టుగదికి వెళ్ళింది. తెల్లారి షూటింగుకి బూడిదరంగు కోటు కావాలి, గుండీలు మాత్రమే మిగిలాయి. గుండీ ఎక్కడ పడాలో ఎర్రదారంతో గుర్తుకుట్టు వేసుకోవడం ఆమె పద్ధతి, కుట్టాక గుర్తు లాగేస్తుంది. ఆరు గుర్తులు వేసింది. ఒకటి కుట్టింది, రెండు కుట్టింది, రెండోదానికి మూడోదానికి మధ్య టీచరు ముఖం గుర్తొచ్చింది, చక్రాల మంచం మీద తీసుకుపోతుంటే తల తిప్పి, అందరిముందూ కదా, చెల్లీ, భయపడకు అంది. చెల్లీ అంది. చచ్చిపోతుందేమో తెలియని వేళ కూడా ఆ పాత్ర వదల్లేదు. నాలుగో గుర్తు దగ్గర సూది గుచ్చింది.

ఆ కోటుతో పొద్దున్న మూడు సన్నివేశాలు తీసేశారు. మధ్యాహ్నం ఎవరో చూశారు. కుట్టుగది పెద్దాయన ఆమెను ఝాడించి వదిలిపెట్టాడు, పాతికేళ్ళ చెయ్యి, గుండీ మర్చిపోతావా అని. తీసిన ముక్కలతో అతకాలి కాబట్టి ఇంక ఆఖరిదాకా మూడో గుండీ ఉండకూడదన్నారు. వాననీళ్ళలో తడవడానికి ఇంకో కోటు, మెట్ల మీంచి పడటానికి ఇంకోటి, ఆ రెండింటికీ కూడా గుండీ వదిలేసి, గుర్తుదారం ఉంచి, అదే పొడుగున, అదే వాలుగా. పొరపాటుని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రెండోసారి, మూడోసారి చేయడమంటే ఏమిటో కుట్టుపని వాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాతేగా పళ్ళ డాక్టరు వ్యాసం. పదకొండో గది ఆవిడ చనిపోయేముందు ఆ గుండీ తెంపి తను ప్రేమించిన మనిషికి ఇచ్చింది, ఎర్రదారం ఆ మనిషి కోసం ఇంకా వదలని పట్టు, అని. చదివి ఈమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఎక్కడ కనిపెట్టిందమ్మా ఈ మహాతల్లి. పొరపాటనైతే ఆవిడకి తెలియదు గాని, ప్రేమించిన మనిషి కోసమని మాత్రం తెలిసిపోయింది.

"ఆంటీ, మీ స్వెట్టరుకి మూడో గుండీ ఉందేంటి?" ముందున్న అమ్మాయి, లేసు ఊడిన అమ్మాయే, వెనక్కి తిరిగి నిలబడింది. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. చేతిలో చిన్న కత్తెర, ఎర్రదారం ఉండ. కొత్తగా వచ్చినవాళ్ళకి క్యూలోనే గుండీ తెంపి, ముడి వేసి, తమలో కలుపుకోవడం వీళ్ళ ఆనవాయితీ. "కంగారుపడకండి, నొప్పెట్టదు," అంది. చుట్టూ నలుగురు నవ్వారు. కత్తెర పట్టుకున్న తీరు చూస్తే ఆమెకు ప్రాణం గిలగిల్లాడింది, గుండీతో పాటు ఉన్ని కూడా తెగేట్టుంది, "ఇటివ్వమ్మా," అని తనే లాక్కుని, గుండీని వేలితో పైకెత్తి, కింద దారం మొదట్లో ఒక్క కోత కోసి, గుర్తుకుట్టు వేసి, గోరంత వదిలి, ఏటవాలుగా కత్తిరించి, ఇదంతా ఊపిరి తీసి వదిలేలోగా. అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "మీరెక్కడ నేర్చుకున్నారు?" వీడియోలు చూసి నేర్చుకున్నానంది. మళ్ళీ ఒక అబద్ధం, ఎంత సులువుగా వస్తుందో, నాలుక చివరే కాచుకుని కూర్చుంటుంది.

అమ్మాయి పక్కన వాళ్ళ నాన్న. లిఫ్టులు బాగుచేసే పని, చొక్కా జేబు మీద కంపెనీ గుర్తు, దానిపైన పొట్ట పట్టని పాత కోటు. మూడో గుండీ లేదు, ఆ మాటకొస్తే నాలుగోదీ పట్టలేదు. కూతురు ముందుకెళ్ళి ఎవరి దారమో సరిచేస్తుంటే, ఆయన గొంతు తగ్గించి, ఎవరికో ఒకరికి చెప్పాలని చాన్నాళ్ళుగా ఉన్నవాడిలా చెప్పాడు. "మా పిల్ల నాతో ఏదో చెప్పాలని ఆర్నెల్లు తిరిగిందండి. గుమ్మం దాకా రావడం, నీళ్ళు నమలడం, వెళ్ళిపోవడం. ఒకరోజు ఈ సీరియల్ ఎనిమిదో భాగం నా ముందు పెట్టి, చూడు నాన్నా అని తన గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. చూశాను. వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చునే భాగం లేదూ, అది. అర్థమైంది నాకు. అంత తెలివితక్కువవాణ్ణేం కాదు. కానీ ఏమనాలో తెలీదు కదండీ. తలుపు దగ్గర నిలబడి నిలబడి, చివరికి తలుపు కొట్టి, తొమ్మిదోది ఎప్పుడొస్తుంది అన్నాను." ఆయన ముక్కు ఎగబీల్చాడు. "తలుపు తీసింది."

ఆమె ఆయన కోటు అంచు సర్దింది, అంతకన్న ఏం చేస్తుంది, చేతులకి వచ్చిందే చేస్తాయి. తలుపు తీసింది అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. తను కుట్టిన కోటు వేసుకున్న మనిషి ఆ మెట్ల మీద కూర్చుంది, తన ఎర్రదారం ఆ సన్నివేశమంతా కనబడుతుంది, ఆ దారం చూసి ఎక్కడో ఒక గడియ తీయబడింది, తన ఇంటి పరదా మాత్రం తీయబడలేదు. వీళ్ళకి తను ఏమియ్యాలి? మూడు దారులున్నాయి. అవును, అది గొప్ప ఆలోచన, దర్శకుడు చెప్పాడు అనొచ్చు, చప్పట్లు కొడతారు. మర్చిపోయానర్రా అని ఊరుకోవచ్చు, అదీ నిజమే, రెండేళ్ళు వీళ్ళు నెత్తిన పెట్టుకున్నది నేల మీద పడుతుంది, పడితే పడనీ. మూడోది ఉంది, ఎందుకు మర్చిపోయిందో చెప్పడం. అది చెప్తే ఆ ఆస్పత్రి, ఆ బెంచీ, ఆ మంచం మీది మనిషి, అన్నీ బయటికొస్తాయి, ఆ మనిషి హాల్లోనే ఉంటుంది, ఆ మనిషి దగ్గర పాఠం చెప్పించుకున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో ఈ క్యూలో. సగం తనది, సగం టీచరుది. సగం మనిషి ఒప్పుకుంటే సరిపోతుందా? ఒక్కసారి, ఔననో కాదనో చెప్పి ఉండొచ్చుగా, ఆ లేసు ముడి విప్పడం ఆపి. అంత కోపమొచ్చింది టీచరు మీద, అంత ప్రేమా వచ్చింది. వరుస గేటు దాకా వచ్చేసింది. పళ్ళ డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చింది, ఈమె ఫోటో చేతిలో పెట్టుకుని, మీరిక్కడున్నారా అంటూ చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే, లేసు అమ్మాయి వెనక నుంచి, "నాన్నా, ఆవిడే! కోటు కుట్టినావిడే!" అని కేకేసింది, ఆ కేక మెలికల వెంబడి పాకి మలుపు దాకా పోయింది.

హాలు నిండిపోయింది. దీపాల వెలుగు ముఖం మీద పడితే ఎదుట ఏమీ కనబడదు, బూడిదరంగు మసక తప్ప. మైకు ఎత్తు సరిపోలేదు, ఎవరో దించారు. పళ్ళ డాక్టరు ఏవేవో మంచి మాటలు చెప్పింది, అవేవీ వినలేదు. ఆఖరున, "ఆ గుండీ లేకుండా చేయాలన్న ఆలోచన ఎలా వచ్చిందో చెప్పండమ్మా," అంది. ఆమె మైకు పట్టుకుంది.

"ఆలోచన కాదమ్మా. మర్చిపోయాను."

హాలు చల్లబడిపోయింది. ఎవరో ఒకరు నవ్వి, మధ్యలో ఆపేసుకున్నారు. పళ్ళ డాక్టరు ముఖంలో నలభై పేజీలూ ఒక్కొక్కటే రాలిపోవడం అంత వెలుగులోనూ కనబడింది. ఇక్కడే ఆగిపోవచ్చు. ఆగిపోతే క్షేమంగా ఇంటికెళ్ళొచ్చు, అక్కా, బస్సొస్తోంది పద, అని. ఆ బెంచీ గుర్తొచ్చింది, దాని మీద లేచి గుచ్చుకున్న మేకు కూడా గుర్తొచ్చింది. "ఎందుకు మర్చిపోయానంటే," అంది, "ఆ రోజు ఒకరికి ఆపరేషన్. సంతకం పెడతానంటే పెట్టనివ్వలేదు. అయిదు గంటలు బయట కూర్చున్నాను. బతుకుతుందో లేదో తెలియదు. తర్వాత వచ్చి కుట్టాను. రెండు కుట్టాను, మూడోది కుట్టాననే అనుకున్నాను. మీరు దానికి అర్థం రాశారు కదా, ప్రేమించిన మనిషి కోసం పోయిన గుండీ అని. నేను చదివాను. మీరు తప్పు రాయలేదు తల్లీ."

పళ్ళ డాక్టరు కళ్ళజోడు తీసేసింది. చాలా మెల్లిగా, "ఆవిడ మీకేమవుతారు?" అని అడిగింది.

అదే ప్రశ్న. బల్ల వెనకావిడ తలెత్తకుండా అడిగిందే, ఈవిడ తలెత్తి అడిగింది, అంతే తేడా. చిన్నాన్న కూతురు అన్న మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది, ఎప్పట్లాగే, బుద్ధిగా. ఆమె దాన్ని మింగేసింది. మింగేశాక అక్కడ ఏమీ మిగల్లేదు. ఇంకో మాట లోపల ఉంది, ఇన్నేళ్ళూ లోపలే ఉంది, సగం తనది కాని మాట. హాలు ఎదురుచూస్తోంది. పెదాలు కదిలాయి, మైకుకి కూడా అందనంత మెల్లిగా ఏదో అంది, అన్నానని తనకే నమ్మకం లేదు.

"వినబడ్డంలేదు!"

వెనక వరసలోంచి. హాలు హాలంతా అటు తిరిగింది, రెండొందలమంది చేత చేతులెత్తించిన గొంతు అది. "వెనక్కి ఒక్క ముక్క కూడా రావడంలేదు! నిటారుగా నిలబడు! మైకు దగ్గరికి జరిగి గట్టిగా చెప్పు!"

ఆమె నిటారుగా నిలబడింది. ఒక అడుగు ముందుకు జరిగింది. కళ్ళు నిండిపోయాయి, నిండితే నిండనీ, చూడటానికి కాదు కదా ఇది, చెప్పడానికి.

"నా మనిషి!" అంది. మైకు కీచుమంది, గోడలకి తగిలి తిరిగొచ్చింది. "ఇరవయ్యారేళ్ళుగా నా మనిషి. అక్క కాదు, చిన్నాన్న కూతురు కాదు, ఆ చిన్నాన్నే లేడు! అదుగో, వెనక నిలబడి అరుస్తోందే, ఆవిడే!"

లిఫ్టుల ఆయన లేచాడు ముందు. తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎవరికీ తెలియదు, కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగిన చప్పుడు, కేకలు, ఏడుపులు, పళ్ళ డాక్టరు రెండు చేతులతో ఆమెను చుట్టేసింది, ఆ పిల్ల కుర్చీ ఎక్కి గంతులేస్తోంది. ఆ గోలంతా మీదుగా, ఏమీ తొణక్కుండా, హాజరు తీసుకున్నంత మామూలుగా, డ్రిల్లు టీచరు గొంతు వేదిక దాకా వచ్చింది.

"ఆఁ. ఇప్పుడు వినబడింది."